ఒక్క వాచకంతో నడిచిన బడి

బడిపంతులుగా ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ ఏడు హెడ్మాస్టరునయ్యానో సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది. అది చదివి బాగుపడినవాళ్లెవరూ లేరు కాబట్టి ఆ గొడవ వదిలేస్తున్నాను. ఈ రాసేది కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరే పిల్లల కోసం. చేతిలో ఆర్డరు కాగితం పట్టుకుని వచ్చి, "తాతా, నీ అనుభవంతో రెండు ముక్కలు చెప్పు" అంటారు. రెండు ముక్కల్లో చెప్పగలిగితే ఇంత రాసేవాణ్ని కాదు.

నేను బాగా చేసిన పనులు చెప్పను. అవి మీకు ఎలాగూ వస్తాయి. చేసిన ఒక పెద్ద తప్పు చెప్తాను. దాని మూలంగా ఒక ఆడపిల్ల బతుకు దొరగారి గడిలో అంట్లు తోముతూ గడిచిపోయేది. గడవలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదులుతాను.

కోదాడ భాష, వేములపల్లి పిల్లలు

మాది కోదాడ. మిషను వాళ్ల దయతో ఆంధ్ర వైపు వెళ్లి ఏడో తరగతి దాకా చదివాను. స్వతంత్రం రావడానికి ముందటేడు, మీసాలు సరిగ్గా రాని వయసులో, నన్ను వేములపల్లి దగ్గర ఒక చిన్న ఊరి క్యాథలిక్ బడికి పంతులుగా పంపారు. ఊరి పేరు చెప్పను. ఆ దొరల మనవలు ఇప్పుడు మంచివాళ్లు, నాకు శుభలేఖలు కూడా పంపిస్తారు.

బడి అంటే మట్టిగోడల మీద జమ్ముగడ్డి కప్పిన ఒకే గది. ఆదివారం అదే గుడి. పెద్దస్వామి, అంటే ఫాదరుగారు, నెలకోసారి సూర్యాపేట నుంచి వచ్చి పూజ చేసేవారు. మిగతా ఆదివారాలు నేనే జపాలు చెప్పించేవాణ్ని. అంటే పంతులు, ఉపదేశి రెండూ నేనే. జీతం మాత్రం ఒకటే. పిల్లలు ఇరవై ఒక్కమంది. ఎక్కువమంది మా క్రైస్తవుల పిల్లలు, అమ్మానాన్నలు దొర పొలాల్లో కూలీలు. అయిదారుగురు గొల్లల పిల్లలు. అప్పటికి సాగర్ కాలువ లేదు, ఇప్పటి వరి లేదు. జొన్న, ఆముదం, కంది, వానదేవుడి దయ. ఏటా ఎండాకాలం చివర గడ్డి మార్చేటప్పుడు గొల్లలూ మావాళ్లూ కలిసి కప్పెక్కేవాళ్లు. గుడి కప్పు అని గొల్లలు వెనకాడలేదు, గొల్లలు ఎక్కారని మావాళ్లు ముఖం ముడుచుకోలేదు. ఆ పూట అంబలి మాత్రం ఎవరి కుండ వాళ్లదే. ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

నా భాష విని మొదటి నెలంతా పిల్లలు నవ్వారు. "ఏమండీ, కూర్చోండి" అంటే చాలు, గది గొల్లుమనేది. ఒకామె నన్ను బావి దగ్గర ఆపి, "పంతులూ, గా పోరగాళ్లను అండీ అంటవేంది? గట్లంటె ఇంటరా వాళ్లు?" అని మందలించింది. నిజమే, వినలేదు. బెత్తం పట్టాను. అప్పుడూ వినలేదు, ఏడ్చారు. ఏడుపును వినడం అనుకుని రెండేళ్లు మోసపోయాను. మీరు ఆ రెండేళ్లు వృథా చేసుకోకండి.

పన్నెండు పుస్తకాల మూట

బడిలో పుస్తకం లేదు. ముందున్న పంతులు తనతోపాటు తీసుకుపోయాడో, ఎలుకలు తిన్నాయో తెలియదు. పెద్దస్వామి నన్ను బెజవాడ పంపి పన్నెండు తెలుగు వాచకాలు, పలకల కట్ట తెమ్మన్నారు. వెళ్లాను, కొన్నాను. తిరిగి నిజాం రాజ్యంలో అడుగుపెట్టేటప్పుడు కోదాడ దాపున నాకా, అంటే సరిహద్దు చౌకీ, ఉండేది. సామాన్లు విప్పి చూస్తారు.

నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, పుస్తకాలు నలగకుండా ఒక దినపత్రికలో చుట్టి కట్టాను. ఆ రోజుల్లో అటువైపు పత్రికలు ఇటువైపు రాకూడదు. నాకా మనిషి మూట విప్పి వాచకాలను చూడనే లేదు, చుట్టిన కాగితాన్ని చూశాడు. 'అ' అంటే అమ్మ అని తప్ప ఇంకేమీ తెలియని ఆ పుస్తకాలు, పలకలతో సహా లోపలికి పోయాయి. నన్ను కూడా లోపలికి పంపేవాళ్లే. కాళ్లావేళ్లా పడితే, పసివాడని వదిలేశారు. బస్సులో చదువుకుందామని తీసుకున్న ఒక్క వాచకం నా చొక్కా లోపల ఉండిపోయింది. అదొక్కటే మిగిలింది.

పెద్దస్వామి తిట్టలేదు. "ఒకటి వచ్చింది కదా, ఒకటితో మొదలుపెట్టు" అన్నారు. ఆయన ఇటలీ మనిషి, చాలా మంచివారు. పిల్లలకు గజ్జి వస్తే స్వయంగా మందు రాసేవారు. కానీ ఆయన తనిఖీ ఎలా ఉండేదో చెప్పాలి. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకునేవారు. పిల్లలు జ్ఞానోపదేశం ప్రశ్నలు జవాబులు గడగడా అప్పజెప్పేవాళ్లు. తరువాత ఎక్కాలు, తరువాత వాచకంలో పాఠాలు. గొంతులు గట్టిగా ఉంటే చదువు గట్టిగా ఉన్నట్టే ఆయన లెక్క. అందరికీ పిప్పరమెంట్లు పంచి వెళ్లేవారు. పై అధికారి చెవులతో తనిఖీ చేస్తే కింది పంతులు నోళ్లకే చదువు చెప్తాడు. నేను సరిగ్గా అదే చేశాను.

కూర్చునే పద్ధతి

ఒక్క పుస్తకంతో ఇరవై ఒక్కమందికి ఎలా చెప్పానో వినండి. గోడకు వీపు ఆనించి పీట మీద కూర్చునేవాణ్ని. నా ముందు ఇంకో చిన్న పీట, దాని మీద పుస్తకం. చుట్టూ పిల్లలు. మగపిల్లలు నాకు అటూ ఇటూ ఒరుసుకుని కూర్చునేవాళ్లు. ఆడపిల్లలు ఆరుగురు. వాళ్లు ఎదురుగా కూర్చునేవాళ్లు.

ఎందుకలాగ అంటే, గుళ్లో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. అదే గది, అదే చాప. మగపిల్లలు నా వైపు కూర్చుంటే ఆడపిల్లలు అవతలి వైపుకు పోవాల్సిందే. ఈ ఏర్పాటు నేను చేసింది కాదు, ఎవరూ చెప్పిందీ కాదు. మొదటిరోజు వాళ్లంతట వాళ్లే అలా సర్దుకున్నారు. ఎంత పద్ధతైన పిల్లలో అని మురిసిపోయాను.

పలకలు లేవు కదా, అక్షరాలు ఇసుకలో దిద్దించేవాణ్ని. పీట పక్కన ఒక జానెడు మందాన ఇసుక పోయించి వేలితో రాసేవాణ్ని. ఎవరి పక్కనుంచి వాళ్లు చూసి దాని కిందే దిద్దేవాళ్లు. ఆడపిల్లలు అవతలి నుంచి చెయ్యి చాపి రాసేవాళ్లు. మగపిల్లల గీతలు వంకరటింకరగా ఉండేవి. ఆడపిల్లలవి ముత్యాల్లా నా వైపు చూస్తుండేవి.

పుస్తకం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. పన్నెండులో పదకొండు పోగొట్టినవాణ్ని, ఈ ఒక్కటీ పోతే పెద్దస్వామికి ముఖం ఎలా చూపిస్తాను? పేజీ తిప్పడం కూడా నేనే. ఎవరైనా వేలు పెడితే వేలి మీద దెబ్బ.

ఆ ఆరుగురిలో తెరేజి ఒకతె. ఇన్నయ్య కూతురు. ఇన్నయ్య దొర దగ్గర జీతగాడు, చిన్నప్పటి నుంచి ఆ పొలమూ ఆ పశువులే లోకం. పిల్లకు ఎనిమిదేళ్లుంటాయి. నలుపు, బక్క, కళ్లలో మాత్రం దీపాలు. నేను వేలు ఎక్కడ పెడితే అక్కడి నుంచి గుక్క తిప్పుకోకుండా చదివేది. సూర్యాపేటలో పండుగకు చుట్టుపక్కల ఊళ్ల బడి పిల్లలందరూ చేరితే, జ్ఞానోపదేశం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి శిలువ బొమ్మ బహుమానం తెచ్చుకుంది. దాన్ని మెడలో వేసుకుని నెల రోజులు స్నానం కూడా చెయ్యలేదని వాళ్లమ్మ ఫిర్యాదు.

పీట ఖాళీగా ఉన్న నెలలు

స్వతంత్రం వచ్చింది, మాకు రాలేదు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారని వార్తలు. ఆంధ్ర నుంచి రాకపోకలు ఉన్నవాణ్ని కాబట్టి నా మీద కన్ను పడిందని గొల్ల పెద్దమనిషి వచ్చి చెప్పాడు. "పంతులూ, ఇయ్యాల్నే ఎల్లిపో. మా గొర్లెంబడి నడువు, ఎవడు అడుగడు." గొంగడి కప్పుకుని గొర్రెల మంద వెనక నడిచి వెళ్లాను. ధైర్యంగా వెళ్లానని అనను. సరిహద్దు అవతల శిబిరంలో నాలుగు నెలలు ఉన్నాను. వెళ్లేముందు వాచకాన్ని ఇన్నయ్య ఇంట్లో జొన్నల కుండలో పెట్టి, "ఎవరూ ముట్టొద్దు" అని మరీ చెప్పాను.

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు సెప్టెంబరులో యూనియన్ సైన్యం బెజవాడ రోడ్డు మీదుగా సూర్యాపేట దాటిపోయింది. అయిదారు రోజుల్లో అంతా అయిపోయింది. నేను తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి గది కప్పు ఒక పక్క కాలి ఉంది. మనుషులందరూ ఉన్నారు. ఒక్కొక్కరినీ చూసి లెక్కపెట్టుకుంటూ ఊరంతా తిరిగాను. ఇరవై ఒక్కమంది పిల్లలూ దక్కారు. గది మధ్యలో కూర్చుని పసివాడిలా ఏడ్చాను. సంతోషంతోనే.

తరువాత తెలిసింది, నేను లేనప్పుడు బడి నడిచింది. మగపిల్లలు గొడ్ల వెంట పోయారు కానీ ఆరుగురు ఆడపిల్లలు మాత్రం పగటిపూట బడిలోని పీటలు తెచ్చుకుని ఇన్నయ్య ఇంటి వెనక చేరి వాచకం చదువుకున్నారు. ముట్టొద్దన్న నా ఆజ్ఞను తెరేజి మొదటిరోజే గాలికి వదిలేసింది.

"పీట మీద ఎవరు కూర్చున్నారే? నువ్వేనా పంతులమ్మవి?" అని వేళాకోళమాడాను.

"లేద్సార్. మీ పీట మీద ఎవ్వరం కూసోలే. పీట ఖాళీగ పెట్టి, బుక్కు మీ దిక్కే మలిపి పెట్టినం. మేం గిటు దిక్కు కూసోని సదివినం" అంది తెరేజి.

ఎంత గౌరవం, ఎంత భక్తి అనుకున్నాను. ఖాళీ పీట వైపు పుస్తకం ఎందుకు తిప్పి పెట్టారో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. గౌరవం వింటే పంతులు బుర్ర పనిచెయ్యడం మానేస్తుంది.

గడి నుంచి కబురు

సైన్యం రాగానే పట్నం పారిపోయిన దొర కుటుంబం నెమ్మదిగా తిరిగి వచ్చింది. గడి తలుపులు తెరిచారు. గడి అంటే దొరగారి ఇల్లు, చుట్టూ కోట గోడ. లోపల పనికి మనుషులు కావాలి. దొరసాని ఇన్నయ్యను పిలిపించి పిల్లను పంపమంది. గడిలో పనికి వెళ్లిన ఆడపిల్లలు పెళ్లీడుకు కూడా బయటికి రాని కథలు ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇన్నయ్య తల ఊపి వచ్చాడు. ఆయన జన్మలో ఆ గుమ్మం ముందు తల ఊపడం తప్ప ఇంకోటి చెయ్యలేదు.

అదే వారం పెద్దస్వామి నుంచి నాకు చీటీ వచ్చింది. సూర్యాపేటలో మఠం అమ్మగార్లు ఆడపిల్లలకు బోర్డింగు తెరుస్తున్నారు, ఊరికి ఒక పిల్లను తీసుకుంటారు, తెలుగు తడబడకుండా చదవగలగాలి, ఈస్టరు వెళ్లాక వచ్చే సోమవారం పరీక్ష. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లవే.

చీటీ పట్టుకుని పరుగెత్తాను. ఇన్నయ్య ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. అంతా విని తడి చేతులు తలగుడ్డకు తుడుచుకున్నాడు.

"పంతులూ, నిజం చెప్పుండ్రి. మా పిల్లకు సదువొస్తదా, వచ్చినట్టు అనిపిస్తదా?"

"ఊళ్లో దాన్ని మించి చదివేవాళ్లు లేరు, మామా."

"వస్తదంటె దొరసానికి ఏదో ఒకటి చెప్పుకుంట. ఫాదరు తీసుకపోయిండు అంట. రాదని మల్ల ఇంటికొస్తె మాత్రం ఇగ తప్పదు. తెల్లారి గడికి తోల్కపోవుడే. రెండోసారి కాదనేటి బలం నాకు లేదు."

"వస్తుంది. నాది హామీ" అన్నాను. కుర్రతనం. హామీ అనే మాట అంత సులువుగా నోట్లోంచి రాకూడదని మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బండి కట్టుకుని ముగ్గురం బయల్దేరాం. మూసీ దాటేటప్పుడు ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. ఇన్నయ్య ఎద్దులను అదిలిస్తుంటే నేనూ తెరేజీ ఇసుకలో కూర్చున్నాం. "నీ పేరు రాయవే" అన్నాను. నా ఎదురుగా గొంతుకూర్చుని వేలితో రాసింది. గుండ్రంగా, ఒత్తులు దీర్ఘాలతో, నా కళ్ల ముందు చక్కగా ఉంది. ఇంక భయం లేదనుకున్నాను.

సూర్యాపేటలో

పరీక్ష పెట్టిన సిస్టరును ఆగ్నేసమ్మగారు అనేవాళ్లు. గుంటూరు వైపు మనిషి. ఆమె ముందు పెద్దస్వామే చేతులు కట్టుకుని నిలబడేవారు. మా ముందు వచ్చిన పిల్ల ఏడుస్తూ బయటికి వెళ్లింది. తెరేజిని పిలిచారు. నేను పక్కన నిలబడ్డాను. ఇన్నయ్య చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం అవతల నిలబడ్డాడు.

అమ్మగారు ఒక వాచకం తీసి తెరేజి చేతుల్లో పెట్టారు. మా బడిలో ఉన్నదే, అదే పుస్తకం. నాకు ప్రాణం లేచివచ్చింది.

"మూడో పాఠం చదువు."

తెరేజి పుస్తకం వైపు చూసింది. నోరు తెరవలేదు.

"భయపడకు, చదువమ్మా."

లేదు. పెదవులు కదలడం లేదు. అమ్మగారు ఇంకో పేజీ తీశారు, పెద్ద అక్షరాలున్నది. వేలు పెట్టి, "పోనీ ఇదేం అక్షరం?" అన్నారు. 'మ' అది. తెరేజి తల అటు వంచింది, ఇటు వంచింది, ఊరుకుంది.

"ఏం మాస్టారూ, అక్షరాలు కూడా రావు కదా ఈ పిల్లకి" అన్నారామె.

ఒక్కసారిగా అర్థమైందనుకున్నాను. ఈ పిల్ల చదవలేదు, అంతా కంఠస్థం! జ్ఞానోపదేశం అప్పజెప్పినట్టే వాచకం కూడా విని విని అప్పజెప్పింది. పేజీ తిప్పేది నేను, వేలు పెట్టేది నేను. దాన్ని చదువనుకుని ఒక తండ్రికి హామీ ఇచ్చాను. తల తీసేసినట్టయింది.

గుమ్మంలో ఇన్నయ్యకు కూడా అర్థమైంది. "పోనీలే బిడ్డా, రా. ఇంటికి పోదాం" అన్నాడు మెల్లిగా. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక పిల్ల మీద చూపించాను. "నోట్లో ఏం పెట్టుకున్నావే? చదువు!" అని అరిచాను.

తెరేజి కళ్లనిండా నీళ్లతో నా వైపు చూసింది. "సార్, బుక్కు నా దిక్కుంది. నా దిక్కుంటె నాకెట్ల కనవడతది?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అమ్మగారు ముందుకు వంగారు. "మరి ఎటు ఉండాలి?"

"మీ దిక్కుండాలె అమ్మగారు. పెద్దోళ్ల దిక్కుంటది బుక్కు. మీరు పట్టుకోండ్రి. నేను గీడికెళ్లి సదువుత."

అమ్మగారు పుస్తకం తీసుకుని బల్ల మీద తనవైపు తిప్పి పెట్టుకున్నారు. తెరేజి బల్లకు ఇవతల నిలబడి, ముక్కు తుడుచుకుని, మూడో పాఠం మొదలుపెట్టింది. తడబాటు లేదు. పాఠం అయిపోయింది. నాలుగోది కూడా చదివేస్తుంటే అమ్మగారు చేత్తో ఆపారు.

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. కంఠస్థమే, పుస్తకం ఎటు ఉంటే ఏం అనుకున్నాను. అమ్మగారికీ అదే అనుమానం వచ్చినట్టుంది. సొరుగులోంచి ఒక కరపత్రం తీశారు. రాబోయే పండుగకు కొత్తగా అచ్చువేయించినది, ఇంకా ఎవరికీ పంచలేదు. దాన్ని తనవైపు తిప్పి పెట్టుకుని, "ఇది" అన్నారు.

తెరేజి చదివింది. ఊరేగింపు ఏ వేళకో, దీపాలు ఎవరు తేవాలో, జబ్బు మనుషులకు ఎక్కడ చోటో, అన్నీ చదివింది. తలకిందులుగా. బల్లకు అవతలి నుంచి. మనం నిటారుగా చదివేంత వేగంతో.

అమ్మగారు కరపత్రం పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "మాస్టారూ, మీ బడిలో మీరెక్కడ కూర్చుంటారు? ఈ పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?"

అప్పుడు వెలిగింది. పీట, ఇసుక, ఖాళీ పీట వైపు మలిపి పెట్టిన పుస్తకం, మూసీలో నా కళ్ల ముందు చక్కగా కనిపించిన పేరు. ఆ పిల్ల మొదటిరోజు నుంచి ప్రతి అక్షరాన్నీ అవతలి నుంచే చూసింది, అవతలి నుంచే రాసింది. నావైపు నుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. నేను నావైపు నుంచే చూశాను.

అక్కడే నేల మీద చతికిలబడ్డాను. ఆమె ముందు అలా కూర్చోవడం తప్పని కూడా తోచలేదు. హమ్మయ్య, పిల్లకు చదువొచ్చు! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో గుర్తులేదు.

"నవ్వకండి" అన్నారు అమ్మగారు. ఆమె మాత్రం నవ్వు ఆపుకుంటున్నారు. "ఇన్నాళ్లలో ఒక్కసారైనా పుస్తకం పిల్ల చేతికి ఇచ్చారా?"

"లేదమ్మగారూ. ఒక్కటే పుస్తకం. చింపేస్తారేమోనని..."

"చిరిగితే అతికించుకోవచ్చు" అని తెరేజి భుజం మీద చెయ్యి వేశారు. "చదవడం వచ్చిన పిల్లకి పుస్తకం తిప్పి పట్టుకోవడం నేర్పడం ఎంతసేపు? నెల పడుతుంది. అది నేను చూసుకుంటాను. నువ్వు లోపలికి వెళ్లి అన్నం తిను."

ఇన్నయ్యకు సంగతి ఆలస్యంగా అందింది. "ఏంది పంతులూ, పాసయిందా? మరి తలకిందులు సదివితె తప్పు కాదా?"

"తప్పు నాది మామా. పిల్లది కాదు. పాసయింది."

ఆయన చెప్పులు రెండూ కిందపడేసి చేతులు జోడించాడు. ఎవరికి జోడించాడో తెలియదు, ఆ వైపు గోడ తప్ప ఏమీ లేదు. తెరేజి అన్నం అనే మాట వినగానే లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నాకు అది కూడా సంతోషంగానే అనిపించింది.

ఆ పిల్ల తరువాత నర్సయి నల్లగొండ దవాఖానలో చాలా ఏళ్లు పనిచేసింది. డాక్టరు బల్ల మీద రాసే మందులు ఎదురుగా నిలబడే చదివేసి, ఆయన పిలవకముందే తెచ్చి పెట్టేదట. ఆ విద్య మాత్రం నేను నేర్పిందేనని ఎవరైనా అంటే కాదనను.

తిరిగొచ్చాక

వచ్చేటప్పుడు బండిలో ఇన్నయ్య పాటలు పాడాడు. ఆయనకు గొంతుందని ఊళ్లో ఎవరికీ తెలియదు. మరునాడు పొద్దున్నే తలగుడ్డ చుట్టుకుని గడికి బయల్దేరాడు. నేను బడి దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాను. పిల్లలు వచ్చారు, కూర్చున్నారు. నాకు పాఠం మీద మనసు లేదు. దొరసాని ఏమంటుందో, జీతగాణ్ని ఏం చేస్తుందో. ఫాదరు పేరు చెప్పుకుంటాను అన్నాడు కానీ ఆ గుమ్మం ముందు ఆయనకు మాట పెగులుతుందా అని భయం.

చాలాసేపటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"చెప్పిన పంతులూ! పిల్ల రాదు, సదువుకు పోయింది అన్న. నోట్లకెళ్లి అట్లనే వచ్చింది. ఫాదరు పేరు గూడ చెప్పలే."

"ఏమంది?"

"ఏమనలే. పోనీ తియ్, నీ పిల్ల కాకపోతె ఇంకో పిల్ల, అన్నది. గంతే. ఖతం." చేతులు దులుపుకుని, ఎద్దులు విప్పాలంటూ వెళ్లిపోయాడు. అంత తేలిగ్గా నడవడం ఆయనను ఎప్పుడూ చూడలేదు.

నేను లోపలికి వచ్చాను. మగపిల్లలు నా పీటకు అటూ ఇటూ, ఆడపిల్లలు ఎదురుగా, ఎప్పటిలాగే. తెరేజి పోగా అయిదుగురు. పుస్తకం నావైపు తిప్పి ఉంది. ఎదురుగా చూస్తున్న ఆ అయిదు ముఖాలనూ ఒక్కొక్కటిగా చూశాను. అన్నీ తొమ్మిదేళ్లవే, పదేళ్లవే.

"మీరు అయిదుగురూ లేవండి. ఇటు రండి" అన్నాను.

మగపిల్లలు ముఖాలు చూసుకున్నారు. ఆడపిల్లలు లేచారు కానీ అడుగు వెయ్యలేదు. నేనే పీట మీది నుంచి లేచి, వాళ్లను పేరు పేరునా పిలిచి గోడ వైపు కూర్చోబెట్టాను. వాచకం తీసి మొదటి పిల్ల ఒళ్లో పెట్టి, "నువ్వే పట్టుకో, నువ్వే పేజీ తిప్పు" అన్నాను.